చూసొచ్చాక గైడు

చలపతిరావు మేష్టారికి గైడులంటే గిట్టదని ఎవరైనా అంటే అది శుద్ధ అబద్ధం. ఏ ఊరెళ్ళినా ఆయనకి గైడు ఉండి తీరాలి. కాకపోతే చూడాల్సినవన్నీ చూసేసి, గేటు బయటికొచ్చాక పెట్టుకుంటారు.

ఉప్పల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "లెక్క చెయ్యకుండానే వెనక పేజీలో జవాబు చూసేవాడు ఎక్కడైనా బాగుపడ్డాడా?" అని ఆయన వాదన. అందుకని ముందు ఇంటిల్లిపాదీ ఊరికే తిరగాలి. ప్రతి రాయి దగ్గరా ఆగి, అదేమిటో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాలి. మేష్టారు జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుంటారు. ఆ తర్వాత గేటు దగ్గర ఓ గైడుని పట్టుకుని, అందరినీ మళ్ళీ లోపలికి నడిపించి, జవాబులు దిద్దించి పదికి మార్కులేస్తారు. ఈ లెక్కన గోల్కొండ మెట్లు ఒకేరోజు రెండుసార్లు ఎక్కిన కుటుంబం నాచారం మొత్తమ్మీద వాళ్ళదొక్కటే.

"పెళ్ళప్పుడూ ఇదే వరస," అంది ఆవేళ ఆయన భార్య ఛాయాదేవి, మోకాళ్ళకి మందు రాసుకుంటూ. "ముందు తాళి కట్టేసి, పిల్ల ఎలాంటిదని తర్వాత మా నాన్ననడిగారు."

తెలంగాణ రావడానికి రెండేళ్ళ ముందు, పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు వంశీకృష్ణ అందరినీ శ్రీలంక తీసుకెళ్ళాడు. అందరూ అంటే అమ్మానాన్నలు, భార్య సంతోషి, ఆమె తల్లి మల్లవ్వ. మల్లవ్వ నాచారంలో ఓ ఫ్యాక్టరీ కాంటీన్‌లో ఇరవై రెండేళ్ళు వంట చేసి, ఒంటిచేత్తో కూతుర్ని ఇంజనీరు చేసింది. విమానం ఎక్కడం అదే మొదలు. ఈ ప్రయాణంలో సంతోషికి ఉన్నది ఒకటే కోరిక. అమ్మ సరదాగా తిరగాలి.

కొలంబోలో వంశీ తండ్రి కళ్ళుగప్పి ముందే గైడుని మాట్లాడేశాడు. గైడు ఇంగ్లీషులో జోకులేస్తుంటే అందరూ నవ్వారు. మల్లవ్వ అందరి మొహాలూ చూసి ఆఖర్న నవ్వింది. సంతోషి తెలుగులో చెప్పబోతే, "నాకు సమజైంది తీ," అంది.

మూడోరోజు అనురాధపురంలో, పొద్దున టిఫిన్ దగ్గర మెల్లగా చెప్పింది. "నేను రూముల్నే ఉంట బిడ్డా. మీరు సూసి రాండ్రి. గా రాళ్ళ గురించి నాకేం తెల్వది. మీకు అడ్డం."

సంతోషి ప్రాణం ఉసూరుమంది. నేరుగా మామగారి దగ్గరికెళ్ళింది.

"మామయ్యా, ఇవాళ కూడా గైడుని ముందే పెట్టుకుందాం. ఆయన చెప్పిందల్లా నేను అమ్మకి తెలుగులో చెప్తాను. మీ పరీక్షలు మాత్రం అమ్మకొద్దు."

"సిలబస్ మార్చేది లేదమ్మా."

"అమ్మ బడికే పోలేదు మామయ్యా!"

"అయితే మరీ మంచిది. నాలాంటి మేష్టార్లు పాడుచెయ్యలేదన్నమాట," అని ఆయన మల్లవ్వ దగ్గరికి నడిచారు. "చెల్లెమ్మా, మీరు రాకపోతే ఒక బెంచీ ఖాళీగా ఉంటుంది. ఖాళీ బెంచీతో నేను పరీక్ష పెట్టను."

వియ్యంకుడి మాట తీసెయ్యలేక మల్లవ్వ బయల్దేరింది. సంతోషికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ అమ్మ తప్పు చెప్పి చిన్నబోతే ఈయనకేం పోయింది?

శిథిలాల మధ్య గంటసేపు తిరిగాక, గోడలు కూలిన ఒక కట్టడంలో పొడవాటి రాతి తొట్టి కనిపించింది. లారీ అంత ఉంది.

"ఊఁ, కానివ్వండి. ఏమిటిది?" మేష్టారు పుస్తకం తీశారు.

"ఏనుగులకి నీళ్ళ తొట్టి," అన్నాడు వంశీ.

"గుర్రాలకి దాణా," అంది ఛాయాదేవి.

"ఇద్దరూ తప్పు. ఇది రాజుగారి స్నానాల తొట్టి," అన్నారు మేష్టారు. "అటు తల, ఇటు కాళ్ళు."

"ఇంత పొడుగు రాజా?" అంది ఛాయాదేవి.

"ఆ రోజుల్లో తిండి అలాంటిది!"

మల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. అంచు తడిమింది.

"తానం తొట్టి కాదన్నా. గిది అన్నం గుమ్మరించే తొట్టి."

"అన్నమా!"

"మస్తు మందికి వండినప్పుడు గుండిగెల్నే ఉంచితే ముద్దయితది. గిట్ల పొడుగ్గ పరుస్తే ఆవిరి పోతది. రెండు దిక్కుల నిలబడి వడ్డిస్తే లైను జల్దీ నడుస్తది. మా కాంటీన్ల గిట్లనే జేసెటోళ్ళం. ఈడ వెయ్యిమందికి తక్కువ తినలే."

సంతోషి భయం ఒకటే. గైడు గనక కాదంటే అమ్మ ఇంక ఈ ప్రయాణంలో నోరు విప్పదు.

గేటు దగ్గర దొరికిన గైడుతో మళ్ళీ లోపలికొచ్చారు. అతను తొట్టి దగ్గర ఆగి, ఇది భిక్షువుల భోజనశాల అనీ, ఇందులో అన్నం పోసి వేలమందికి పెట్టేవారంటారనీ ఇంగ్లీషులో చెప్పాడు. సంతోషి అది అమ్మకి తెలుగులో చెప్పింది.

"నేను జెప్పలే?" అంది మల్లవ్వ.

మేష్టారు ఆవిడకి పదికి పది వేసి, తనకి గుండు సున్నా చుట్టుకుని అందరికీ చూపించారు. అక్కణ్ణించి మల్లవ్వ గైడుకే పాఠం మొదలెట్టింది. వెయ్యిమందికి పప్పు ఎంత నానెయ్యాలి, ఉప్పు ఎప్పుడెయ్యాలి, అన్నీనూ. అవన్నీ ఇంగ్లీషులో చెప్పలేక సంతోషి అలిసిపోయింది.

అందరూ వ్యాన్ ఎక్కుతుంటే గైడు సంతోషిని పక్కకి పిలిచి ఒక గొడుగు అందించాడు. పిడి మీద తెలుగులో 'చలపతిరావు, నాచారం' అని ఉంది.

"సార్ నిన్న సాయంత్రం మర్చిపోయారు."

"నిన్నా?"

"రెండు గంటలు నాతోనే తిరిగారు కదా మేడమ్. ఆ తొట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. కాంటీన్‌లో వండే మా చెల్లెలు రేపు దీన్ని చూడాలన్నారు. నేనెవరో తెలియనట్టు ఉండమన్నారు, క్షమించండి."

నిన్న సాయంత్రం ఈ ఊరు చేరగానే మామగారు షుగరుకి నడక మంచిదని బయటికెళ్ళి, చీకటిపడ్డాక వచ్చారు. కొలంబోలో అమ్మ ఆఖర్న నవ్వడం తనొక్కతే చూసిందనుకుంది సంతోషి. పొద్దున్నించీ తిట్టుకున్నందుకు సిగ్గేసింది. ఆ స్నానాల తొట్టి తల్చుకుంటే నవ్వూ ఆగలేదు.

వ్యాన్ ఎక్కి గొడుగు ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన గొడుగునీ, కోడలినీ చూసి, కిటికీ వైపు తిరిగి, "ఎండ బాగా ఉందమ్మా," అన్నారు.

"నాన్నా, రేపటి ఊళ్ళోనైనా గైడుని ముందే పెట్టుకుందామా?" అన్నాడు వంశీ.

మేష్టారు నోరు తెరిచేలోపే మల్లవ్వ అందుకుంది. "వద్దు అల్లుడా, ఆఖర్నే పెట్టు. మీ నాయినకు పాపం ఏం తెల్వది. గైడు ముంగట ఇజ్జత్ పోకుండ ఆయనకు నేను జర ముందుగాల చెప్పాలె."

"నా పక్కనే ఉండండి చెల్లెమ్మా," అన్నారు మేష్టారు బుద్ధిగా.