బావ కుట్టుకున్న బెల్టు

మా బావ దర్జీ. ఎవరొచ్చినా మెడలోంచి టేపు తీసి నడుము చుట్టూ వేసేస్తాడు. "పొట్ట లోపలికి లాక్కోకండి, నా దగ్గర సిగ్గేంటి" అంటాడు. తన నడుము సంగతి మాత్రం మా అక్కక్కూడా చెప్పలేదు.

కుడి గజ్జలో ఉబ్బు. ఇస్త్రీపెట్టె ఎత్తితే బయటికొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. పొత్తికడుపులో లాగుతున్నట్టు నొప్పి. మనవాడు గుడ్డ మడిచి, దూది కుక్కి, కొక్కేలు పెట్టి బెల్టొకటి కుట్టుకుని లోపల బిగించాడు. పైగా, ఆ మధ్య పొత్తికడుపు నొప్పికని అక్కకు ఇచ్చిన మాత్రలు మిగిలుంటే, నొప్పి ఒక చోటే కదా అని గుట్టుగా మింగడం మొదలెట్టాడు.

ఓ పొద్దున దుకాణానికి వెళ్తే మనిషి కుదురుగా లేడు. కూర్చుంటాడు, లేస్తాడు, గుమ్మం దాకా వెళ్లి వెనక్కొస్తాడు.

"ఏంటి బావా, కాలుగాలిన పిల్లిలా?"

"గ్యాసురా. నీ చొక్కా రేపిస్తాలే."

"నీ రేపు సంగతి నాకు తెలీదా. ఆ చెమటలేంటి?"

జవాబుకి బదులు వాంతి వచ్చింది. వెనక గదిలోంచి అక్క పరిగెత్తుకొచ్చి చొక్కా విప్పింది. బెల్టు బయటపడింది. దాని కింద ఉబ్బు రాయిలా గట్టిపడి, నొక్కినా లోపలికి పోవడం లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మను చూసి బావ నసిగాడు. "మగ డాక్టరు లేరా?"

"ఊళ్లో సగంమంది నడుములు కొలిచారు," అంది అక్క. "ఒక్కరైనా ఇలా గునిశారా? పడుకోండి."

"హెర్నియా. పేగు జారి ఇరుక్కుపోయింది," అంది డాక్టరమ్మ. "ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి. ఆలస్యమైతే పేగు చచ్చిపోతుంది. మందులేమైనా వాడారా?"

"మా ఆవిడవి."

"నావా?" అక్క నోరు తెరిచింది. "అవి మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఇచ్చినవండీ."

"పొత్తికడుపు నొప్పంటే ఒకరికి ఇన్ఫెక్షను, ఒకరికి రాయి, ఒకరికి అపెండిక్సు. ఆడవాళ్లకైతే గర్భసంచి, అండాశయం కూడా. అందరూ చెయ్యి పెట్టి చూపించేది అక్కడే. ఒకరి కొలతకి కుట్టింది ఇంకొకరికి తొడుగుతారా మీరు?"

"తొడగనండీ," అన్నాడు బావ, బడిపిల్లాడిలా.

ఆపరేషన్ గది బయట అక్క ఆ బెల్టు కొక్కేలు పెడుతుంది, తీస్తుంది, మళ్లీ పెడుతుంది. "నాకొక్క మాట చెప్తే ఏం పోయేదిరా?" అని నన్నడుగుతుంది, నేనేదో దాచినట్టు. నేను వరండా ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను.

తలుపు తెరుచుకుంది. పేగు బాగానే ఉందన్నారు. అక్క అప్పుడు ఆ బెల్టు మడిచి సంచిలో పెట్టింది.

మర్నాడు డాక్టరమ్మ రాగానే, అడక్కముందే బావ దుప్పటి తీసేశాడు. ఆవిడ కట్టు విప్పేదాకా ఊరుకుని, కళ్లజోడు సవరించుకుని కుట్లు పరీక్షగా చూసుకున్నాడు.

"చివర్లో కాస్త వంకర పోయిందండీ."

అక్క ఆ బెల్టు పెట్టి చేతిమీద ఒక్కటిచ్చింది.