ఇర్యా రెండో బిగింపు

చలికాలమంతా మంచు గడ్డకట్టే థండర్ బే ఊళ్ళో డ్రైనేజీ పైపుల్లో అడ్డాలు తీసేవాళ్ళలో ఇర్యా లెప్పాలా అంత మొండిమనిషి ఇంకొకరు లేరు. యాభై నాలుగేళ్ళు. ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఇరవై ఆరేళ్ళ వయసులో సడన్ బ్రేకు వేస్తే, వ్యాను వెనకనున్న, పైపుల్లో అడ్డాలు తీసే మిషను ముందుకి దూసుకొచ్చి ఆ భుజాన్ని నుజ్జు చేసింది. మిషను కదలకుండా పట్టే బెల్టు సరిగ్గా కట్టకపోవడం ఆవిడ తప్పేనని అప్పటి యజమాని కాగితం రాయించాడు. ఆవిడ సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టాలి? తన చేత్తో బిగించి, రాయిలా ఉందని చూసుకునే బండెక్కింది.

అసలు సంగతి మరో రెండు చలికాలాలు గడిస్తే గాని తెలియలేదు. సాయంత్రం మిషను కడిగినప్పుడు బెల్టు తడుస్తుంది, తెల్లారేసరికి గడ్డకడుతుంది. కొయ్యబారిన ఆ బెల్టును బిగిస్తే మహా గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. గట్టిగా ఉన్నది మంచు. హీటరు వెయ్యగానే కరిగి, బెల్టు వదులవుతుంది. అందుకే బయల్దేరిన కాసేపటికి, కొండ దిగే ముందు, ఆవిడ బండి పక్కకి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ బిగిస్తుంది. షెడ్డులో దీనికి "ఇర్యా ప్రార్థన" అని పేరు పెట్టారు. పెట్టుకుంటే పెట్టుకోనీ అందావిడ.

కొత్త మేనేజరు మార్సెల్‌కి మాత్రం నవ్వు రాలేదు. రోజూ పది నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో తేల్చేద్దామని, ఫిబ్రవరిలో ఒక పొద్దున తనే పక్క సీట్లో ఎక్కాడు. తొంభై కిలోల మిషను సరిగ్గా అతని వీపు వెనకే ఉంది. మధ్యలో అడ్డంగా ఇనపరేకు పెట్టించమని ఇర్యా మూడేళ్ళుగా మొత్తుకుంటోంది, విన్న నాథుడు లేడు.

కొండ దిగుడు మొదలయ్యే చోట ఆవిడ బండి ఆపింది.

"ఏం తల్లీ, ప్రార్థన టైమయిందా?" అన్నాడు మార్సెల్. "వృద్ధాశ్రమంలో బట్టలుతికే గదిలోకి మురుగు వచ్చేసిందట. పోనియ్."

"పోనిస్తా. బిగించాక."

"పొద్దున బిగించావుగా! నేనూ లాగి చూశాను, ఇనపకడ్డీలా ఉంది. ఇప్పుడు దిగావంటే రేపట్నించి ఈ తాళాలు నీ చేతిలో ఉండవు."

ఇర్యాకి తెలిసింది ఈ పనొక్కటే. అది పోతే ఈ వయసులో, ఈ చేత్తో, ఇంకెవరూ పిలవరు. అయినా ఒళ్ళు మండిపోయింది. ఇంజను ఆపి, తాళాలు తీసి అతని ఒళ్ళో పడేసింది.

"రేపటిదాకా దేనికి? ఇప్పుడే తీసుకో. నువ్వే తోలు, నేను నడిచొస్తా. కొండ కింద నిన్ను బయటికి లాగడానికి ఎవరో ఒకరు ఉండాలిగా."

"బెదిరిస్తున్నావా?"

"నేనెందుకు బెదిరిస్తాను? వెనక్కి తిరిగి ఆ బెల్టు లాగి చూడు."

అతను విసురుగా తిరిగి లాగాడు. తడితడిగా జానెడు పైకి లేచింది బెల్టు. మిషను ఊగి అతని సీటుకి కొట్టుకుంది. ఎదురుగా రోడ్డు నున్నగా మెరుస్తూ సరస్సు దాకా దిగిపోతోంది. మార్సెల్ ఆ రోడ్డు వంక చూశాడు, ఒళ్ళో తాళాల వంక చూశాడు.

తాళాలు తిరిగిచ్చేశాడు. "సరే, బిగించు."

"నువ్వే బిగించు. ఎలాగో చెప్తా, దిగు."

దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ చెప్పినట్టల్లా బెల్టు బిగించే పళ్ళమర తిప్పాడు.

"పొద్దున నువ్వే లాగి చూశావు," అంది ఇర్యా పైనుంచి. "ఇందాక మనం ఆగకుండా కొండ దిగుంటే, తప్పెవరిదని రాసేవాడివి కాగితం మీద?"

మార్సెల్ మరని ఇంకో రెండు పళ్ళు బిగించాడు.