మెడలో ముత్యాలున్న రోజు

మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. బాప్తిస్మం నాడు చెవిదుద్దులు తీసి అమ్మ చేతిలో పెట్టాను. అప్పటినుంచీ నాది బోసిమెడే. అలాంటి నన్ను పట్టుకుని, 2005లో, షార్జాలో ఒక ముసలావిడ ముత్యాలహారం వేసుకోమంది!

అప్పుడు నేను ఆ ఊళ్లోనే రోలా అనే పేటలో ఇంకో నలుగురు నర్సులతో కలిసి ఉంటూ, పగలంతా ఆవిడ ఇంట్లో నర్సుగా పనిచేసేదాన్ని. ఆ ఇంట్లో మధ్యాహ్నాలు నీళ్లలో మునిగినట్టుండేవి. తెరల్లోంచి పచ్చటి వెలుగు, గోడల మీద చెక్కిన సుద్దపూలు, సాంబ్రాణి వాసన. ఆవిడ హిందీ, అరబ్బీ కలిపి తన తాత సంగతులు చెబుతుంటే నాకు సగం నిద్ర, సగం మెలకువ. పంతొమ్మిదో శతాబ్దంలో ఆయన పెద్ద ముత్యాల వ్యాపారి. వేసవంతా ఈతగాళ్లు సముద్రం అడుగున ఊపిరి బిగబట్టి ఆల్చిప్పలు ఏరితే, ఆ ఇంటికి సిరి వచ్చేది. అందుకని ఆయన ఒక కట్టడి పెట్టాడట. ఇంటి ఆడది ముత్యాలు వేసుకున్న రోజు, కష్టజీవుల కోసం పెద్ద డేగిసా పొయ్యెక్కాలి.

"ఎవడో మునిగితేనే కదా బింతీ, నా మెడకి ఈ అందం," అనేది. బింతీ అంటే వాళ్ల భాషలో కూతురా అని.

ఈతగాళ్లు ఎప్పుడో పోయారు. ఆవిడ మాత్రం ప్రతి గురువారం హారం వేసుకునేది. పక్కన మేడ కడుతున్న కూలీలు పళ్లేలు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేవాళ్లు.

ఇంతలో ఆవిడ మెడకి ఆపరేషన్ అయింది, కట్టు కట్టారు. హారం పెట్టెలోకి పోయింది. ఆ గురువారం పొయ్యి వెలగలేదు.

"ఇయ్యాల లేదా అక్కా?" అన్నాడు గేటు దగ్గర నిజామాబాద్ వైపు మనిషి.

"లేదన్నా."

"సరే తియ్యి. పెద్దమ్మ పానం మంచిగున్నదా?"

లోపలికెళ్లి, "హారం లేకపోతేనేం, వండించొచ్చుగా అమ్మా?" అన్నాను.

"ఇవాళ హారం లేకుండా వండితే, రేపు వండకుండా హారం వేసుకుంటారు. నా కూతురికి వజ్రాలే ఇష్టం. నాతోనే ఇది ఖలాస్. నువ్వు వేసుకో."

"మా సంఘంలో తప్పమ్మా!"

"సింగారానికి కాదే పిచ్చిదానా, మోయడానికి!"

దేవుడితో కాసేపు పోట్లాడి, వేసుకున్నాను. మొదట చల్లగా తగిలి, మెల్లగా నా ఒంటి వెచ్చదనం పట్టుకున్నాయి ముత్యాలు. వంటింట్లోంచి బియ్యం కడుగుతున్న చప్పుడు వచ్చింది. నర్సు గౌను మీద పాల వెలుగు. అద్దంలో చూసుకున్నాను. దేవుడు క్షమించుగాక, ఎంత బాగున్నానో!

అలా చాలా గురువారాలు గడిచాయి. ఆవిడకి మాట కూడా పడిపోయింది. ఒక గురువారం చెప్పాపెట్టకుండా కూతురు వచ్చి, గుమ్మంలోనే నా మెడ చూసి ఆగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దొంగ అంటే దిక్కెవరు? ముసలావిడ వణికే వేలు వంటింటి వైపు చూపించింది.

కూతురు ఆ వేలు చూపిన వైపు చూసింది. తర్వాత నన్నడిగింది.

"డేగిసా ఎక్కిందా?"

"ఎక్కింది మేడమ్."

"అయితే ఇన్నాళ్లూ నా పని నువ్వు చేశావు," అని తన వజ్రాల గొలుసు తీసేసి, నా ముందు మెడ వంచింది. "పెట్టు."

పెట్టాను. ముసలావిడ కళ్లు నీళ్లతో నవ్వాయి.

సాయంత్రం రోలా బస్సులో కూర్చున్నాక చెయ్యి మాటిమాటికీ మెడ మీదికే పోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి నా మెడ నాకే బోసిగా అనిపించి, పక్కనావిడ చూస్తున్నా ఏడ్చేశాను.