పట్టు ప్యాంటు వేసుకున్న బౌలర్

నరసప్పకు ఒక్క పెద్ద మ్యాచ్ ఆడాలని ఉండేది. నలుగురి చేతా బౌలర్ అనిపించుకోవాలని ఉండేది. అంతకు మించి ఆశే లేదు పాపం. అదీ దక్కలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అతను ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. పొద్దున్నుంచీ మగ్గం గుంటలో కాళ్లాడించి, సాయంత్రం స్టేషను వెనక మైదానానికి వచ్చేవాడు. నేను అప్పుడు రైల్వేలో టికెట్ల గుమాస్తాను, మా జట్టుకు వికెట్ కీపర్ను. నరసప్ప ముతక పంచె గోచీ బిగించి, ఉత్త కాళ్లతో పరుగెత్తుకొచ్చి బంతి వేసేవాడు. వేసే ముందు బంతిని తొడ దగ్గర పంచెకు రుద్ది రుద్ది ఒక పక్క నిగనిగలాడేట్టు చేసేవాడు. ఆ బంతి గాలిలోనే పక్కకు తిరిగేది. బ్యాటు పట్టినవాళ్లు తెల్లమొహం వేసేవాళ్లు. బంతి రంగు అంటి పంచె మాత్రం తొడ దగ్గర ఎప్పుడూ ఎర్రగానే ఉండేది.

నలభై నాలుగులో హిందూపురం జట్టు మమ్మల్ని ఆటకు పిలిచింది. అందరూ తెల్ల ప్యాంట్లే వేసుకోవాలని ఉత్తరంలో షరతు పెట్టారు. మా కెప్టెన్ గంగాధరప్ప ఒక లాయరు దగ్గర గుమాస్తా. కాగితం మీద ఏముంటే అదే అతనికి వేదవాక్కు.

"పంచెతో దిగితే ఆడనియ్యరంట నరసప్పా. ప్యాంటు కుట్టించుకోని రా."

"ఈ కంట్రోలులో బట్ట యాడ దొరుకుతాదప్పా?"

"నేసేవాడివి నువ్వు. నన్నడుగుతాండావా?"

ఆ మాటే కొంప ముంచింది. యుద్ధం రోజులు కావడంతో మిల్లుబట్ట ఇంటికింతని కొలిచి ఇచ్చేవాళ్లు. మా ప్యాంట్లు ఇద్దామంటే నరసప్ప ఆరడుగుల మనిషి, అవి అతని పిక్కల దగ్గరే ఆగిపోయాయి. మా బౌలర్ పంచెతోనే వస్తాడని వాళ్లకు ఉత్తరం రాయమన్నాను. పరువు తక్కువ అన్నాడు గంగాధరప్ప. నేను ఇంకాస్త గట్టిగా పోట్లాడాల్సింది. పోట్లాడలేదు.

నరసప్ప భార్య నీలావతి తన చీరకని దాచుకున్న తెల్ల పట్టుదారం ఇంట్లో ఉంది. అదే మగ్గమెక్కింది. వారం రోజులు చీరల పని మానుకుని ప్యాంటుకు సరిపడా నేసి కుట్టించుకున్నాడు నరసప్ప. బయలుదేరేటప్పుడు నీలావతి అన్నది ఒక్కటే.

"పోయిరా. మరక మాత్రం కానియ్యొద్దు."

హిందూపురం మైదానంలో ఆ ప్యాంటు ఎండకు మెరుస్తుంటే జనం ఆట మాని దాన్నే చూశారు. మొదటి బంతి తిన్నగా వెళ్లింది, ఫోర్ పోయింది. రెండోదీ అంతే. మూడో బంతికి ముందు నరసప్ప చెయ్యి తొడ దాకా వచ్చి ఆగిపోవడం నా కంట పడింది. దగ్గరికి పోయాను.

"రుద్దవేమప్పా?"

"చెయ్యి పోవడం లేదు సామీ. పట్టు ముట్టేముందు చేతులు కడుక్కునే బతుకు నాది. ఎర్ర మరక ఎట్ల చేసేది?"

"చొక్కాకన్నా రుద్దు."

"చొక్కా గంగాధరప్పది. మాపకుండా ఇమ్మన్నాడు."

నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. చెమటకు పట్టు అతని కాళ్లకు అతుక్కుని పరుగు కూడా సాగలేదు. మూడు ఓవర్లలో ముప్పై నాలుగు పరుగులు పోయాయి. గంగాధరప్ప బంతి లాక్కుని అతన్ని మైదానం అంచుకు తోలాడు. అక్కడ కూడా బంతి వస్తే మోకాలు నేలకు ఆనించకుండానే పట్టబోయి వదిలేశాడు. మేం ఓడిపోయాం.

ఆట ముగిశాక హిందూపురం కెప్టెన్ నేరుగా నరసప్ప దగ్గరికి వచ్చాడు. చెయ్యి కలుపుతాడేమోనని నరసప్ప చెయ్యి తుడుచుకున్నాడు. ఆయన వంగి, ప్యాంటు అంచును రెండు వేళ్లతో పట్టి చూశాడు.

"యాడ తెచ్చినావప్పా ఈ బట్ట?"

"నేనే నేసినాను సామీ."

"మాకూ నాలుగు ప్యాంట్లకు నేసి పంపు."

తిరుగు రైల్లో పెనుకొండ దాటాక గంగాధరప్ప అందుకున్నాడు. "ఆట పోతే పోయింది. నీకు మంచి గిరాకీ తగిలింది గదప్పా."

నరసప్ప ప్యాంటు ముడతలు సవరించుకున్నాడు.

"మూడు ఓవర్లు ఏసినాను గదప్పా," అన్నాడు. "బాగా ఏయలేదనన్నా ఆయప్ప ఒక్క మాట అనింటే బాగుండు."

ఆ నాలుగు ప్యాంట్ల బట్ట నెలలోపే నేసి పంపాడు. మైదానానికి మాత్రం మళ్లీ రాలేదు.