ఇంట్లో సముద్రానికి దిష్టి

చిత్తూరు మిట్టూరులో లోకేశ్వరి ఇంటికి ఎవరొచ్చినా ముందు చెప్పులు విప్పుతారు, ఆ వెంటనే నోరు తెరుస్తారు. హాల్లో టీవీ ఉండాల్సిన చోట మూడడుగుల గాజు తొట్టి ఉంటుంది మరి. నీలం లైటు కింద తెల్ల చారల నారింజ చేపలు రెండు, వాటి వెనక రాళ్ళు, ఒక రాయి మీద ఆకుపచ్చ పగడం. రాతి పగడాలు ఇంట్లో పెంచడానికి చట్టం ఒప్పుకోదు, ఇది మెత్తని రకం. విచ్చుకుంటే చొక్కా గుండీలు గుత్తిగా కుట్టినట్టుంటుంది. అందుకే ఆ ఇంట్లో దాని పేరు 'గుండీలు'.

లోకేశ్వరిది కార్వేటినగరం. డిగ్రీలో కెమిస్ట్రీ చదివేటప్పుడు కాలేజీ వాళ్ళు చెన్నైకి టూరు తీసుకెళ్తే మొదటిసారి సముద్రం చూసింది. స్నేహితురాళ్ళంతా అలల్లో తడుస్తూ ఫొటోలు దిగుతుంటే ఈమె మాత్రం తాగే నీళ్ళ సీసా ఖాళీ చేసి, దాన్నిండా సముద్రం పట్టుకుంది. ల్యాబ్‌లో పరీక్ష చెయ్యాలట! బస్సులో అది కారి అందరి బ్యాగులూ తడిశాయి. కాలేజీ వదిలేదాకా ఆమెను 'సీసా లోకేశ్వరి' అనే పిలిచారు.

పెళ్ళయ్యాక పూతలపట్టు దారిలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబ్ ఉద్యోగం దొరికింది. తోతాపురి గుజ్జు చుక్కను చిన్న దుర్భిణి లాంటి గొట్టం మీద వేసి, వెలుతురు వైపు పట్టి చూసి తీపి ఎంతుందో చెప్పాలి. తర్వాత పులుపు కొలవాలి. ఇంట్లోనూ అలాంటి గొట్టమే ఇంకొకటి ఉంది, దాంతో ఉప్పు చూస్తుంది. లీటరుకు ముప్పై ఐదు గ్రాములు, అటూ ఇటుగా అదే సముద్రం లెక్క.

ఉప్పొక్కటే అయితే ఇంత తంటా ఎందుకు! నత్తలకూ, రాళ్ళ మీద పట్టే గులాబి పాచికీ సున్నం కావాలి, అంటే కాల్షియం. నీళ్ళు పులుపెక్కకుండా కాపు కాసే ఆల్కలినిటీ కావాలి. తొందరపడి ఒకదాన్ని పెంచితే రెండోది పడిపోతుంది. మరీ ఎక్కువైతే రెండూ కలిసి తెల్ల పిండిలా అడుక్కు దిగిపోతాయి. తొట్టి కోసం ప్రత్యేకంగా తెప్పించే ఉప్పులో ఇవన్నీ పాళ్ళ ప్రకారం కలిసే వస్తాయి. తగ్గినప్పుడు మాత్రం కొలిచి కలపాలి. ఆల్కలినిటీకి లోకేశ్వరి వాడేది మామూలు వంటసోడానే.

అత్త నాగరత్నమ్మ ఆ సోడా డబ్బా చూసిన రోజు ఇంటి కప్పు ఎగిరిపోయింది.

"ఏమే, బజ్జీ పిండిలో ఏసేది తెచ్చి చేపలకి ఏస్తాండావు! పొంగి బజ్జీల మాదిరి తేల్తాయేమో సూడు!"

"చేపలకి కాదత్తా, నీళ్ళకి. ఇవి ఉత్త నీళ్ళనుకున్నావా? సముద్రం! మనింట్లోనే సముద్రం ఉండాది."

"సముద్రమా!" అంటూ నాగరత్నమ్మ తొట్టి ముందు నిలబడి చేతులు జోడించింది. లోకేశ్వరికి భలే నవ్వొచ్చింది.

అయితే ఆ సముద్రానికి ఒక షరతుంది. పోయిన ఎండాకాలంలో ఇలాంటి పగడమే తెస్తే చచ్చిపోయింది. ఇల్లంతా కుళ్ళు వాసన. లోకేశ్వరి అన్నం కూడా సరిగా తినలేదు. ఎక్కడో హాయిగా బతికే ప్రాణాన్ని తెచ్చి చంపుకోవడం తన వల్ల కాదనీ, రెండోది కూడా పోతే తొట్టి తీసేస్తాననీ తనంతట తానే మాటిచ్చింది. భర్త ధనంజయ కోర్టులో గుమాస్తా, మాటను మరిచిపోయే రకం కాదు.

"ఇదే ఆఖరి వాయిదా లోకా. ఈసారి కొట్టేస్తే అప్పీలు గూడా ల్యా. ఆ జాగాలో నా దివాన్ కాట్ పడతాది," అనేవాడు. అంటూనే చేపలకు మేత వేసేవాడు.

మామిడి సీజన్ మొదట్లో ఎదురింటి చంద్రకాంతమ్మ కరివేపాకు కోసం వచ్చింది. "అబ్బబ్బా, ఏం కళ! కండ్లు తిప్పుకోలేకుండా ఉండాను," అంటూ తొట్టి ముందు కూర్చుండిపోయింది. కరివేపాకు మరిచిపోయి వెళ్ళింది కూడా.

మర్నాడు గుండీలు సగమే తెరుచుకున్నాయి. పగడం అప్పుడప్పుడూ అలా చేస్తుందిలే అని లోకేశ్వరి పట్టించుకోలేదు. కొన్నాళ్ళకు అదీ లేదు, మొత్తం ముడుచుకుంది. గొట్టంలో చూస్తే ఉప్పు ముప్పై ఎనిమిది. ఎండలకు నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, అంతే కదా! కానీ ఆవిరైనంత మేరా తొట్టికి గీసిన గీత దాకా రోజూ ఫిల్టరు నీళ్ళు పోస్తూనే ఉంది. గొట్టం తప్పేమో అని మంచినీళ్ళ చుక్కతో సరిచూసింది. సరిగ్గా సున్నా చూపించింది. కొంచెం తొట్టి నీళ్ళు తీసి మంచినీళ్ళు పోసి, పలచబడిన కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ కొలిచి సరిచేసింది. ఉప్పు దిగింది. వారం తిరిగేసరికి మళ్ళీ ఎక్కింది!

"ఏమైందిమే, మొకమట్ల పెట్టుకోని ఉండావు?" అని నాగరత్నమ్మ అడిగేది.

"గుండీలు ఇప్పుకోలేదత్తా."

నాగరత్నమ్మ ఎదురింటి వైపు ఒక చూపు చూసి, పళ్ళు కొరికి, వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ధనంజయ కూడా వాయిదా మాట ఎత్తడం మానేశాడు. లోకేశ్వరికి అసలు భయం అప్పుడే మొదలైంది.

ఒక శుక్రవారం ఫ్యాక్టరీకి బయటి నుంచి గుజ్జు డ్రమ్ములొచ్చాయి. పక్క టేబులు సుకుమార్ తీపి చూసి మురిసిపోయాడు. "మేడం, చక్కెర మాదిరి ఉండాది. బాగా మరగబెట్టి చిక్క చేసినట్టుండారు."

లోకేశ్వరి పులుపు కొలిచింది. మామూలుగానే ఉంది.

"కాదు సుకుమార్. మరగబెట్టింటే తీపితో పాటు పులుపూ పెరగాల గదా? తీపొక్కటే పెరిగిందంటే ఎవురో చక్కెర కలి..."

ఇంటి తొట్టి కళ్ళ ముందు నిలబడింది. నీళ్ళు ఆవిరై ఉప్పు పెరిగి ఉంటే కాల్షియమూ, ఆల్కలినిటీ కూడా ఎక్కి ఉండాలి. నిన్న కొలిచినప్పుడు కూడా అవి ఉన్నచోటే ఉన్నాయి. వచ్చి పడింది తొట్టి ఉప్పు కాదు. ఒట్టి వంటింటి ఉప్పు!

"మా ఇంట్లో ఎవురో ఉప్పు కలుపుతాండారు," అంది పైకే.

"సాంబారులోనా మేడం?"

"సముద్రంలో!"

పర్మిషన్ తీసుకుని దొరికిన బస్సెక్కి ఇంటికొచ్చి పడింది. పొద్దు వాలుతోంది, తలుపు ఓరగా ఉంది. తొట్టి ముందు నాగరత్నమ్మ పిడికిలి బిగించి నిలబడి ఉంది.

"ఎదురింటి దిష్టి, దారిన పోయేటోళ్ళ దిష్టి, కరివేపాకుకొచ్చిన దిష్టి..." అంటూ పిడికిలిని తొట్టికి మూడుసార్లు తిప్పి, మూత తీసి, గుప్పెడు కల్లుప్పు లోపల వేసింది. మేత అనుకుని చేపలు రెండూ పైకి పరుగెత్తాయి.

"అత్తా!"

"అరవొద్దుమే! దిష్టి తీసేటప్పుడు మాట్లాడగూడదు."

"ఎన్నాళ్ళ నుంచి ఏస్తాండావు?"

"ఆ చంద్రకాంతం సూసిపోయినప్పటి నుంచి. మంగళారం, శుక్రారం, ఆదివారం, ఒక్కటీ తప్పలా. అయినా తగ్గలేదు సూడు, ఎంత పాడు కన్నో! నువ్వు దిగాలు పడితే సూడలేక మొన్న మంగళారం నుంచి పెద్ద పిడికిలి పడతాండా."

"దిష్టి ఉప్పు బయట పారేస్తారు గదత్తా!"

"పారేస్తే ఎట్ల? నీళ్ళల్లో కరగాల. సముద్రంలో కలిపితే అన్నిటికన్నా మేలని మా యమ్మ చెప్పేది. సముద్రం యాడుండాదని పోయేది? మనింట్లోనే ఉండాదని నువ్వే గదా చెప్తివి!"

లోకేశ్వరి ఏదో అనబోయింది. నవ్వొచ్చేసింది. చేతిసంచీతో సహా నేల మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. గుండీలు ముడుచుకుంటే అత్త దిష్టి తీస్తుంది, అత్త దిష్టి తీస్తే గుండీలు ముడుచుకుంటాయి!

సంగతి విన్నాక నాగరత్నమ్మ మొహం మాడిపోయింది. "అంటే... నేనే సంపేసినానా?"

"సావలేదత్తా. ఉప్పెక్కువై నోరు మూసుకోనుండాది, అంతే. నిదానంగా తగ్గిద్దాం."

ఒక్కసారిగా మంచినీళ్ళు గుమ్మరిస్తే ఆ దెబ్బకే పగడం పోతుంది. కాబట్టి రోజూ ఫ్యాక్టరీ నుంచి రాగానే కొంచెం తొట్టి నీళ్ళు తీయడం, అంతే మంచినీళ్ళు పోయడం, పలచబడిన కాల్షియాన్నీ సోడానూ కొలిచి కలపడం. ఈసారి బకెట్టు పట్టుకునేది నాగరత్నమ్మే. రెండో సాయంత్రమే ఆమె మెల్లగా గొణిగింది. "అంతా బాగుండాది గానీ, మరి దిష్టో?"

లోకేశ్వరి ఆలోచించింది. "తొట్టికే తిప్పు. ఉప్పు మాత్రం తీసిన నీళ్ళ బకెట్టులో ఎయ్యి. అదీ సముద్రమే గదా, పాత సముద్రం."

"ఆఁ, పాత సముద్రం!" నాగరత్నమ్మకు ఇది బ్రహ్మాండంగా నచ్చింది. దిష్టి కరిగిన బకెట్టును వీధి కాలవలో, అదీ ఎదురింటి వైపు నిలబడి మరీ గుమ్మరించింది.

తర్వాతి వారం ఆదివారం పొద్దున ధనంజయ కేకకు అత్తాకోడళ్ళిద్దరూ దోశల పెనం వదిలి పరుగెత్తుకొచ్చారు. రాయి మీద ఒక మూల గుండీలు విచ్చుకుంటున్నాయి. కొన్నే, కానీ పూర్తిగా.

"కేసు గెల్చినావు పో," అన్నాడు ధనంజయ. "నా దివాన్ కాట్‌కి శాశ్వతంగా స్టే."

లోకేశ్వరి గాజుకు ముక్కు ఆనించి చూస్తూనే ఉంది. వెనకాల దోశ మాడుతున్న వాసన.

గుండీలన్నీ తెరుచుకున్నాక చంద్రకాంతమ్మ ఈసారి కొత్తిమీర కోసం వచ్చింది. ఆమె గడప దాటేలోపే నాగరత్నమ్మ కాటుక డబ్బీ తెచ్చి, వేలితో తొట్టి గాజు మూల ఇంత లావు చుక్క పెట్టేసింది. లోకేశ్వరి ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ గాజు తుడుస్తుంది. చుక్క చుట్టూ మాత్రమే.