జాల్యా బండి వంతు

ముందుగా రేకు చప్పుడు వినిపిస్తుంది. స్టేషన్ ఘన్‌పూర్ దాటి జనగామ వైపు వచ్చే రోడ్డు మీద, ఒక లారీ పోయి ఇంకో లారీ వచ్చే లోపు దొరికే కాస్త నిశ్శబ్దంలో, చెక్కసుత్తి రేకును తడుతున్న సద్దు తేలి వస్తుంది. గట్టి దెబ్బ కాదది. నిద్రపోయే పిల్లను లేపాలా వద్దా అని తల్లి వీపు మీద తట్టినట్టు ఉంటుంది. తట్టడం, ఆగడం, మళ్లీ తట్టడం. అలా ఆగినప్పుడల్లా ఒక మనిషి రేకును అరచేత్తో నిమురుతూ, సొట్ట ఇంకా ఎక్కడ మిగిలిందో వేళ్లతో వెతుకుతున్నాడని దగ్గరికి పోతే గాని తెలియదు.

ఆ మనిషి దేవేందర్. లారీల డెంటింగ్ పనితో మొదలుపెట్టి పాత కార్ల దగ్గర ఆగిపోయాడు. తుప్పు గీకితే ఒక రంగు, ఆ రంగు గీకితే ఇంకో రంగు, అన్నిటికీ అడుగున బండి పుట్టిననాటి మొదటి రంగు. అది కనిపించిన రోజు అతనికి అన్నం సయించదు. "నీళ్లల్ల చేపను చూసినట్టు చూస్తడు, మనిషిని పిలిస్తె ఇనవడది" అంటుంది భార్య రూతు.

పోయిన చలికాలం హనుమకొండలో పాత కార్ల మేళా జరిగింది. భూపాలపల్లి కాంట్రాక్టర్ ఐలేశ్ తన తెల్ల అంబాసిడర్‌ను అక్కడ నిలబెట్టాడు. దేవేందర్ చేతిలో మళ్లీ పుట్టిన బండి. జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఐలేశ్ దేవేందర్ భుజం మీద చెయ్యి వేసి, "మా ఘన్‌పూర్ మేస్త్రి. సచ్చిన బండికి పాణం పోస్తడు" అని అందరికీ చూపించాడు. అప్పటి నుంచి చాయ్ దుకాణంలో, మంగలి షాపులో, చర్చి మెట్ల మీద కూడా అతన్ని అడిగేది ఒకటే మాట. "దేవేందరన్నా, తర్వాత ఏ బండి?"

షెడ్డులో ఎదురుచూసేవి రెండు. ఒకటి ఐలేశ్‌దే, నీలం ఫియట్. కూతురు జ్యోత్స్న పెళ్లి ఊరేగింపుకు అది కావాలని పంపాడు. రెండోది ఎర్రమట్టి రంగుకు తిరిగిపోయిన అంబాసిడర్. మానుకోట దగ్గరి తండా నుంచి జాల్యా ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చిన బండి.

జాల్యా ఒకప్పుడు మానుకోట రైల్వే స్టేషన్ నుంచి తండాలకు ఆ బండి నడిపేవాడు. పురిటి నొప్పుల ఆడవాళ్లను దవాఖానకు చేర్చింది అదే, మిర్చి బస్తాలు మోసింది అదే. ఆటోలు వచ్చాక అది పాకలో మూలపడింది. ఇనుప సామానుకు అమ్మేద్దామని కొడుకులు అంటే జాల్యా వినలేదు. "తండల మల్లొక్కసారి హారన్ కొట్టాలె తమ్మీ. గంతే. అటెన్క అది సచ్చినా మంచిదే, నేను సచ్చినా మంచిదే" అని దేవేందర్‌కు అప్పజెప్పాడు. అది జరిగి చాలా కాలమే అయింది. ఎప్పుడు ఫోన్ చేసినా దేవేందర్ "ఇగ మీదే అన్న, తర్వాత మీదే" అంటాడు. అవతల నుంచి "జర నిమ్మళంగనే చెయ్యి తమ్మీ, తొందరేం లేదు" అని వస్తుంది. ఆ నిమ్మళమే అతన్ని తినేది.

ఎందుకంటే జాల్యా బండి బానెట్ కింద ఏమీ లేదు.

మేళా దగ్గర పడుతున్నప్పుడు తెల్ల బండి ఇంజన్ పగులు బయటపడింది. హైదరాబాద్ పాత సామాన్ల బజార్లన్నీ తిరిగినా అలాంటి ఇంజన్ దొరకలేదు. రెండు బండ్లూ ఒకే కాలం నాటివి, ఒకే కడుపున పుట్టినట్టు ఉన్నవి. ఒకదాంట్లో నుంచి తీసి ఒకదాంట్లో పెట్టడం ఈ పనిలో అందరూ చేసేదే. కానీ అది యజమానిని అడిగి చేస్తారు. ఆ వానపూట షెడ్డులో బయటివాళ్లెవరూ లేరు. ముసలాయనకు చూపు మందగించింది, ఇంత దూరం ఎక్కడొస్తాడు, వచ్చేలోపు ఇంకోటి దొరకదా అనుకున్నాడు. అనుకుంటూనే గొలుసుకప్పీ తగిలించాడు. ఇంజన్ పైకి లేచి, గాలిలో ఒకసారి తిరిగి, ఆగింది. దాని వైపు చూడకుండా గొలుసు లాగాడు.

చూసింది రూతు ఒక్కతే. "అడిగినవా?" అంది. అతను గొలుసు లాగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు గాని, జాల్యా ఫోన్ వస్తే మాత్రం గిన్నెలు తోముతున్నదల్లా చేతులు ఆపేది.

దసరా నాడు పొద్దు గూకేముందు జాల్యా, అతని భార్య మోతీ బస్సు దిగారు. మోతీ చేతి సంచిలో నిమ్మకాయలు, కొబ్బరికాయ, బంతిపూల దండ. జాల్యా చొక్కా జేబులో, దసరానాడు బంగారమని పంచుకునే జమ్మి ఆకులు.

"పండుగనాడు బండికి బొట్టు పెట్టకుంటె ఎట్ల తమ్మీ" అన్నాడు జాల్యా. "అది నీ కాడున్నా మా ఇంటిదే గద."

"నన్ను ఏ జాతరకన్న తోల్కపోయిండా అడుగు" అంది మోతీ దండ విప్పుతూ. "గీ సవితి కోసమైతె బస్సుల నిలవడి వచ్చిండు."

రూతు నవ్వి కుర్చీ వేసింది. చర్చికి పోయే మనిషి, ఆమె బొట్టు పెట్టుకోదు. అయినా దసరా అని బండ్ల చుట్టూ ఊడ్చి నీళ్లు చల్లి పెట్టింది. దేవేందర్ నవ్వలేకపోయాడు.

మోతీ డోర్లకు పసుపు రాసింది, స్టీరింగ్‌కు దారం కట్టింది. తర్వాత కుంకుమ అద్దిన వేలితో ముందుకు వచ్చింది. "బానెట్ లేపు తమ్మీ. ఇంజన్‌కు పెడ్త."

"లివర్ పట్టేసింది వదినా. లేస్తలేదు" అన్నాడు దేవేందర్.

"పైనుంచి పెట్టు తియ్" అన్నాడు జాల్యా. మోతీ మూసిన బానెట్ మీదనే, కింద గుండె ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ బొట్టు పెట్టింది. దేవేందర్ నేల వైపు చూశాడు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి వాటిని తొక్కి కదిలితేనే పూజ. తోయడానికి పక్క షెడ్డు వాళ్లను పిలుస్తానని దేవేందర్ బయలుదేరాడు. "ఉండు, జర కదిలిస్త" అని జాల్యా వెనక డిక్కీ మీద చెయ్యి వేశాడు. మోతీ భుజం ఆనించింది. ఆ ఇద్దరు ముసలివాళ్లు తోయగానే అంబాసిడర్ ఉయ్యాలలాగా ముందుకు పోయింది. నిమ్మకాయలు చిట్లి పులుపు వాసన లేచింది.

మోతీ సంతోషంగా చేతులు దులుపుకుంది. జాల్యా అక్కడే నిలబడిపోయాడు. ఏళ్ల తరబడి బురదలో, ఇసుకలో, నలుగురైదుగురిని పిలిచి తోయించిన బండి అది. దాని బరువు అతని భుజాలకు తెలుసు. ముందు వైపుకు నడిచి మడ్‌గార్డు మీద చెయ్యి వేసి కిందికి నొక్కాడు. వదిలితే అది తేలికగా లేచింది. బానెట్ మీద చెయ్యి పెట్టాడు గాని ఎత్తలేదు.

"బక్కగైంది" అన్నాడు.

మోతీ కొబ్బరి చిప్పలు సంచిలో పెట్టుకుంటోంది. జాల్యా ఆమెకు వినపడకుండా దగ్గరికి వచ్చాడు.

"ఏడున్నది?"

"భూపాలపల్లిల అన్న. తెల్ల బండిల."

"నడుస్తాందా?"

"నడుస్తాంది."

"మంచిగ నడుస్తాందా?"

"మంచిగ నడుస్తాంది అన్న."

జాల్యా తల ఊపాడు. జేబులోంచి జమ్మి ఆకులు తీసి దేవేందర్ చేతిలో పెట్టాడు. "బంగారం తీస్కో" అని, పండుగనాడు అందరూ చేసినట్టే దగ్గరికి తీసుకుని రెండు పక్కలా ఆలింగనం చేసుకున్నాడు. చిన్నవాడు పెద్దవాడి కాళ్లకు మొక్కాలి. దేవేందర్ వంగాడు గాని లేవడానికి చాలా సేపు పట్టింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఆ ఆకుల తేలిక చేతిలో మోయలేనంత ఉంది. బస్సు ఎక్కేటప్పుడు కూడా మోతీ, "అచ్చే దసరకు బండ్లనే వస్తం రూతూ" అని కేకేసింది. జాల్యా ఆమెకు చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

మర్నాడు అతను ఐలేశ్‌కు ఫోన్ చేశాడు.

"సార్, ఫియట్ ఇప్పుడు కాదు. వేరేటోళ్లది ముందుగాల చెయ్యాలె. మీ తెల్ల బండి గూడ పంపుండ్రి. అండ్ల ఇంజన్ వాళ్లది."

"నేను తియ్యమన్ననా?"

"మీరనలే సార్. నేనే తీసిన."

"మా బిడ్డ పెండ్లి పెట్టుకొని గిప్పుడు చెప్తున్నవా?" అని ఐలేశ్ ఫోన్ పెట్టేశాడు.

ఆ వారం తెల్ల బండి వచ్చింది. ఫియట్‌ను ఎక్కించుకుపోవడానికి వ్యాన్ కూడా వెంట వచ్చింది. చాయ్ దుకాణం ముందు నలుగురు కూర్చున్నారు. డ్రైవర్ తాళంచెవి ఇస్తూ గొంతు తగ్గించకుండానే అన్నాడు. "సారు ఒక మాట చెప్పమన్నడన్న. దొంగ ఇంజన్ ఆయన బండిల ఉండొద్దట. ఇంకోటి యాడికెల్లి తెస్తవో తెచ్చి పెట్టమన్నడు." దుకాణంలో ఎవరో గ్లాసు కింద పెట్టారు. దేవేందర్ తాళంచెవి అందుకుని "సరే" అన్నాడు. ఆ రోజు నుంచి తర్వాత ఏ బండి అని అతన్ని ఎవరూ అడగడం లేదు.

ఇప్పుడు జాల్యా ఇంజన్ షెడ్డు మధ్యలో స్టాండు మీద ఉంది. మడ్‌గార్డుల పని సాగుతోంది. మానుకోటకు కబురు ఇంకా పోలేదు. ఫోన్ తీస్తాడు, పేరు దాకా పోతాడు, మళ్లీ జేబులో పెట్టుకుంటాడు. "బండి ఎక్కించి తోల్కపోయి ఇంటిముందల పెట్టు. నోటితోని చెప్పరాకపోతె గదే చెప్తది" అంది రూతు ఒకరోజు. అతను అడ్డంగా తల ఊపాడు. అడగకుండా తీసినందుకు తప్పయిందని నోటితో చెప్పవలసిందే.

తెల్ల బండి పేరు విని పత్రికకు రాయడానికి వచ్చినవాళ్లకు అతను దాన్ని చూపించలేదు. గుడ్డ కప్పి వెనక్కి తోసేశాడు. వెళ్లిపోయేటప్పుడు షెడ్డు గడప దాకా వచ్చి, చేతుల మసి లుంగీకి తుడుచుకుంటూ అన్నాడు:

"నేను పాత బండి బాగుచేసిన్నని రాయకుండ్రి సార్. ఒకటి ఖరాబ్ చేసి ఒకటి బాగుచేసిన. గట్లనే రాయుండ్రి."