పడవలకు ఎదురొచ్చిన సర్పంచ్

మంచుకొండల్లో జరిగిన యుద్ధంలో నా భర్త చనిపోయాడు. ఆ తర్వాత మా ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంది. పాలకాయతిప్ప వైపు వెళ్లే రోడ్డు పక్కన ఆయన విగ్రహం పెట్టారు. పంచాయతీ ఆడవాళ్లకు రిజర్వయితే పోటీ లేకుండా నన్నే సర్పంచ్‌ని చేశారు. కుర్చీలో మా మరిది కూర్చునేవాడు, సంతకాలు నేను పెట్టేదాన్ని. సరే, అది అన్ని ఊళ్లలోనూ ఉన్నదే.

నా ఒళ్లు మండించింది ఇంకొకటి. మాది సముద్రం మీద బతికే ఊరు. వేటకు బయల్దేరేటప్పుడు విధవ ఎదురొస్తే ఆ రోజుకి పడవ కట్టేస్తారు. అందుకని నాలాంటివాళ్లం పడవలన్నీ వెళ్లేదాకా గడప దాటకూడదు. పంద్రాగస్టుకి విగ్రహానికి దండ వేయడానికి మాత్రం అందరికంటే ముందు నేనే నడవాలి. అప్పుడు నా మొహం ఎవరికీ అడ్డం రాదు!

మచిలీపట్నం ఆఫీసుల చుట్టూ రెండేళ్లు చెప్పులరిగేలా తిరిగి ఊరికి పది కొత్త ఇంజను పడవలు తెచ్చాను. మా మరిది ఒక్కసారైనా నాతో బస్సెక్కలేదు. మొదటి వేటకు సర్పంచే పచ్చజెండా ఊపాలని ఆఫీసువాళ్లు చెప్పారు. ముందురోజు సాయంత్రం మా కులపెద్ద ఇంటికొచ్చాడు.

"మీరంటే మాకు గౌరవమేనండీ సర్పంచ్‌గారూ. పడవలెళ్లాక రండి, సన్మానం చేస్తాం. జెండా మీ మరిది ఊపుతాడు."

"వాడేం తెచ్చాడని ఊపుతాడండీ?" అన్నాను. ఆయన మాట మార్చుకోలేదు.

తెల్లారాక ఒడ్డుకి వెళ్లాను. "వదినా, ఊళ్లో పరువు తీయకు" అంటున్న మరిది చేతిలోంచి జెండా లాక్కుని ఊపాను. ఒక్క ఇంజనూ మోగలేదు. మళ్లీ ఊపాను. చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాను. పది పడవలవాళ్లూ వలలు ఒడ్డున దించేసి, నన్ను పల్లెత్తు మాట అనకుండా ఇళ్లకు వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు వాకిట్లో నిలబడి ఉంది. మావయ్యగారు ఎప్పుడో వేటకెళ్లి సముద్రంలో పోయారు. నేను కాపురానికి వచ్చింది మొదలు ఆవిడ పడవలెళ్లే వేళకి బయట కనిపించగా చూడలేదు. నాకు కోపం ఇంకా దిగలేదు.

"మీరూ నాలుగు తిట్టండి, అయిపోతుంది" అన్నాను.

"నన్నెందుకు పిలవలేదే?" అంది. "పోయింది నా కొడుకు కూడానూ. నేనూ వచ్చి నీ పక్కన నుంచునేదాన్ని."